క్లచ్ పెడల్ వెనక రబ్బరు కప్పు

"సార్, కేబుల్ క్లచ్‌కి ఎప్పటికప్పుడు ప్లే అడ్జస్ట్ చేస్తాం కదా. హైడ్రాలిక్ క్లచ్‌కి ఎందుకు చెయ్యక్కర్లేదు?" అని క్లాసులో ఒక కుర్రాడు అడిగాడు. మారుతి 800 కేబుళ్ల మీద చెయ్యి తిరిగినవాడు. "అదే సర్దుకుంటుంది" అనేస్తే సరిపోదు. ఎలా సర్దుకుంటుంది? ఆ జవాబు పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్‌లో ఉంది, అందుకని దాన్ని విప్పి బల్ల మీద పెట్టాం.

లోపల ఉండేవి చాలా కొద్ది వస్తువులు. ఒక పిస్టన్, ఒక స్ప్రింగు, పిస్టన్ ముందు బొటనవేలి గోరంత రబ్బరు కప్పు. కప్పు అంచు పల్చగా, ఒత్తిడి వచ్చే వైపుకి తెరుచుకుని ఉంటుంది. ఈ వ్యవస్థ మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఆ అంచే.

సైకిల్ పంపు విప్పి చూసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. అందులో తోలు వాషరు చేసే పనీ ఇదే. పంపు నొక్కితే గాలి ఆ తోలు అంచుని గొట్టం గోడకి అదుముతుంది. ఎంత గట్టిగా నొక్కితే అంత గట్టిగా అంటుకుంటుంది. చెయ్యి వెనక్కి లాగగానే అంచు వదులై, పక్కనుంచి కొత్త గాలిని లోపలికి రానిస్తుంది. వాషరు ఎండిపోయినప్పుడు కొబ్బరినూనె రాస్తే పంపుకి మళ్లీ ప్రాణం వచ్చేది ఇందుకే.

ద్రవంలో ఒకచోట పెట్టిన ఒత్తిడి తగ్గకుండా అన్ని వైపులకీ పాకుతుందని పాస్కల్ రాసిన గ్రంథం ఆయన పోయిన మరుసటి ఏడు, 1663లో అచ్చయింది. ఆ సూత్రంతో జోసెఫ్ బ్రామా లండన్‌లో హైడ్రాలిక్ ప్రెస్ చేసి పేటెంటు తీసుకున్నది 1795లో. అంటే మధ్యలో నూటముప్పై ఏళ్లు గడిచాయి. సూత్రం తెలిసినా, కదిలే పిస్టన్ పక్కనుంచి నీళ్లు కారకుండా ఆపడం అంత కష్టమన్నమాట. ప్యాకింగ్ వదులుగా పెడితే నీళ్లు చిమ్మేవి, బిగిస్తే పిస్టన్ పట్టేసి వెనక్కి వచ్చేది కాదు. ఈ చిక్కుముడిని తోలు కప్పుతో విప్పింది బ్రామా దగ్గర పనిచేసే హెన్రీ మాడ్‌స్లే అని చెబుతారు. బిగించే పనిని అతను బోల్టులకి కాకుండా నీటికే అప్పజెప్పాడు. ఒత్తిడి ఉంటే కప్పు బిగుస్తుంది, లేకపోతే వదిలేస్తుంది. అంతటి పనివాడు వారానికి 30 షిల్లింగులున్న తన జీతం పెంచమంటే బ్రామా ఒప్పుకోలేదు. మాడ్‌స్లే బయటికొచ్చి సొంత షాపు పెట్టుకున్నాడు, ఆధునిక లేత్ చరిత్రలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ప్రెస్ మాత్రం బ్రామా పేరుమీదే ఉండిపోయింది. ఆ తోలు కప్పు గురించి క్లాసులో చెప్పినప్పుడల్లా నేను ముందు మాడ్‌స్లే పేరే చెబుతాను.

ఇక కుర్రాడి ప్రశ్న. మాస్టర్ సిలిండర్ గోడకి, పెడల్ వదిలేసినప్పుడు కప్పు నిలిచే చోటుకి కాస్త ముందుగా, సూదిమొనంత రంధ్రం ఒకటి ఉంటుంది. అది పైనున్న ఆయిల్ డబ్బాలోకి దారి. పెడల్ తొక్కగానే కప్పు ఆ రంధ్రాన్ని దాటుతుంది, దారి మూసుకుంటుంది, అప్పుడే ఒత్తిడి పుడుతుంది. వదిలితే కప్పు వెనక్కొచ్చి దారి మళ్లీ తెరుచుకుంటుంది. క్లచ్ ప్లేటు అరిగేకొద్దీ ప్రెషర్ ప్లేటు ఫ్లైవీల్ వైపు జరుగుతుంది, డయాఫ్రం స్ప్రింగు వేళ్లు రిలీజ్ బేరింగ్ వైపు లేస్తాయి. అవి బేరింగుని వెనక్కి నెడతాయి, బేరింగు క్లచ్ దగ్గర ఆయిల్ ఒత్తిడిని అందుకునే స్లేవ్ సిలిండర్ పిస్టన్‌ని వెనక్కి నెడుతుంది. అక్కడ చోటు చాలని ఆయిల్ పైపులో వెనక్కి నడిచి, ఆ చిన్న రంధ్రంలోంచి డబ్బాలోకి చేరుతుంది. పెడల్ వదిలిన ప్రతిసారీ ఈ సర్దుబాటు జరిగిపోతుంది. అందుకే క్లచ్‌కీ బ్రేకులకీ డబ్బాలు విడివిడిగా ఉన్న బండిలో, లీకేజీ లేకపోతే, బ్రేకులు అరిగితే బ్రేక్ ఆయిల్ దిగుతుంది గానీ, క్లచ్ అరిగితే క్లచ్ ఆయిల్ పైకి లేస్తుంది. ఈ మాటకి క్లాసంతా ఒక్కసారి తలెత్తింది.

క్లచ్ అప్‌గ్రేడ్ చేసేవాళ్లు మొదట పాడుచేసేది ఈ రంధ్రాన్నే. కొత్త మాస్టర్ సిలిండర్ వేసి, పెడల్‌కి ప్లే బొత్తిగా లేకుండా పుష్‌రాడ్ పొడుగు పెంచితే కప్పు రంధ్రం మీదే ఆగిపోతుంది. వేడికి ఉబ్బిన ఆయిల్‌కి దారి ఉండదు. తొక్కకుండానే క్లచ్ సగం తొక్కినట్టయి జారిపోతుంది, కొత్త ప్లేటు కాలిపోతుంది. డబ్బాలో ఇంజిన్ ఆయిల్ పోసినా ఇదే గతి, కప్పు ఉబ్బి రంధ్రాన్ని కప్పేస్తుంది.

రెండో తప్పు లెక్కలో. మాస్టర్ 5/8 అంగుళం, స్లేవ్ 3/4 అంగుళం అనుకుందాం. వైశాల్యాల నిష్పత్తి 36/25, అంటే 1.44. పిస్టన్ మీద పడిన బలం 1.44 రెట్లవుతుంది. మాస్టర్ 25 మిల్లీమీటర్లు కదిలితే స్లేవ్ 17.4 మాత్రమే కదులుతుంది. ఇంజిన్ పవర్ పెంచి గట్టి ప్రెషర్ ప్లేటు వేస్తే పెడల్ బరువెక్కుతుంది. బరువు తగ్గాలని 7/8 స్లేవ్ వేస్తారు. నిష్పత్తి 1.96కి పెరుగుతుంది, పెడల్ తేలికవుతుంది, కానీ స్లేవ్ కదలిక 12.8 మిల్లీమీటర్లకి పడిపోతుంది. క్లచ్ పూర్తిగా విడవదు, రివర్స్ వేస్తే గేరు గరగరమంటుంది. పోనీ స్లేవ్‌ని 3/4లోనే ఉంచి మాస్టర్‌ని 3/4కి పెంచితే కదలిక పూర్తి 25 వస్తుంది. పెడల్ బరువు 44 శాతం పెరుగుతుంది, డయాఫ్రం వేళ్లు హద్దు దాటి వంగుతాయి. బలం కావాలంటే దూరం వదులుకోవాలి, దూరం కావాలంటే బలం. సైజు మార్చేముందు బేరింగు ఎంత జరగాలో కొలిచి తీరాలి.

సైజుల జోలికి పోకుండా దొరికే మేలు కూడా ఉంది. పాత రబ్బరు హోస్ తొక్కినప్పుడల్లా కొంచెం ఉబ్బి, కదలికలో కొంత మింగేస్తుంది. స్టీలు అల్లిన హోస్ వేస్తే ఆ కదలిక నేరుగా స్లేవ్‌కి చేరుతుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్. గాలిలో తేమ పీల్చుకున్నాక ఆ కనీస హద్దు 155కి దిగుతుంది, కాబట్టి పాత ఆయిల్ తీసి కొత్తది పొయ్యడం చవకైన అప్‌గ్రేడ్. బీఎండబ్ల్యూ ఈ46 లాంటి కొన్ని కార్లలో క్లచ్ లైనులో ఒక సన్నని వాల్వు ఉంటుంది. పెడల్ దభాలున వదిలేసినా ఆయిల్ నెమ్మదిగా వెనక్కి రానిచ్చి, గేర్‌బాక్సుకి కుదుపు తగలకుండా చూస్తుంది. పాదం ఒకచోట, క్లచ్ ఇంకోచోట ఉన్నట్టనిపించి చాలామంది దాన్ని తీయించేస్తారు. హాఫ్ క్లచ్ మీద అదుపున్నవాళ్లు తీసేయడమే మేలని నా అభిప్రాయం.

తోలు కప్పు రబ్బరుగా మారిన కథ బ్రేకులది. మాల్కమ్ లాక్‌హీడ్ హైడ్రాలిక్ బ్రేకుల్ని క్రైస్లర్ 1924లో తన కారుకి తెచ్చి, కారిపోయే తోలు కప్పుల స్థానంలో రబ్బరువి పెట్టింది. ఫోర్డు మాత్రం 1939 మోడళ్లు వచ్చేదాకా మెకానికల్ బ్రేకుల్నే నమ్ముకుంది. బ్రేకుల వెంట క్లచ్ వచ్చింది. తర్వాత స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్సు లోపలికెళ్లి, ఇన్‌పుట్ షాఫ్టు చుట్టూ ఉంగరంలా కూర్చుంది. లీకైతే గేర్‌బాక్సు దించాల్సిందే కాబట్టి, క్లచ్ ప్లేటు మార్చినప్పుడే దాన్నీ మార్చేయాలి. 2020లో మన దగ్గర హ్యుందాయ్ వెన్యూలో వచ్చిన ఐఎంటీ గేర్‌బాక్సుకి క్లచ్ పెడలే లేదు. గేర్ రాడ్ మీద చెయ్యి పడగానే సెన్సర్ కనిపెడుతుంది, మోటారు ఆయిల్‌ని నెడుతుంది, గేర్‌బాక్సు లోపలి ఆ ఉంగరం క్లచ్‌ని విడదీస్తుంది.