రేపటి రిపేరు కోసం ఇవాళ్టి బిగింపు

2024 జులై 19, శుక్రవారం. శంషాబాద్ విమానాశ్రయంలో ఎయిర్‌లైన్ల కంప్యూటర్లు మొరాయించాయి. క్యూలు పెరిగిపోయాయి, విమానాలు ఆలస్యమయ్యాయి, కొన్ని రద్దయ్యాయి. వేరే దారి లేక కౌంటర్లలోని సిబ్బంది పెన్ను తీసుకుని బోర్డింగ్ పాసులు రాసివ్వడం మొదలుపెట్టారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్తున్న ఇండిగో ప్రయాణికుడొకరికి అందిన అలాంటి చేతిరాత పాసు ఫొటో ఆ రోజు దేశమంతా తిరిగింది.

కారణం ఇక్కడిది కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికన్ భద్రతా సంస్థ మన టైము ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు పంపిన ఒక చిన్న ఫైలులో తప్పుంది. 78 నిమిషాల్లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అప్పటికే ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ లెక్క కట్టింది. మందు చాలా చిన్నది: యంత్రాన్ని సేఫ్ మోడ్‌లో తెరిచి ఒక ఫైలు తీసేయాలి. కానీ పూర్తిగా లేవని యంత్రానికి నెట్‌వర్క్ నుంచి ఆదేశం అందదు. ఎవరో ఒకరు దాని దగ్గరికి నడిచి వెళ్లాలి.

ర్యాక్ అనే ఇనుప చట్రంలో సరిగా అమర్చిన సర్వర్లకు ఈ బాధ తక్కువ. వాటిలో అసలు కంప్యూటర్‌తో సంబంధం లేకుండా పనిచేసే ఒక చిన్న మేనేజ్‌మెంట్ చిప్ ఉంటుంది. డెల్ వాళ్లు దాన్ని ఐడ్రాక్ అంటారు, హెచ్‌పీ వాళ్లు ఐలో అంటారు. సర్వర్ పడిపోయినా ఈ చిప్ మేలుకునే ఉంటుంది. ఇంటి నుంచే దాని తెర చూడొచ్చు, ఆపి మళ్లీ లేపొచ్చు. అయితే ఒక షరతు ఉంది. సర్వర్ బిగించిన రోజున వెనకవైపున్న ఆ చిన్న పోర్టుకు విడిగా ఒక కేబుల్ గుచ్చి ఉండాలి. ఆ రోజు దానితో పనిలేదు కాబట్టి చాలామంది వదిలేస్తారు. ర్యాక్ పనిలో నైపుణ్యమంతా ఇలాంటి చోటే తెలుస్తుంది. బిగించేది ఇవాళే అయినా, ఏ అర్ధరాత్రో దాన్ని బాగుచేయడానికి వచ్చే మనిషిని మనసులో పెట్టుకుని బిగించాలి.

ఈ పని గురించి తెలుగువాళ్లు తెలుసుకోవడానికి శంషాబాద్ కంటే తగిన చోటు కనిపించదు. 2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయం మొదలైంది. ఇప్పుడు దాని చుట్టుపక్కల రంగారెడ్డి జిల్లా పల్లెలు సర్వర్ల ఊళ్లుగా మారుతున్నాయి. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరు 22న హైదరాబాద్ రీజియన్‌ను, అంటే డేటా సెంటర్ల సముదాయాన్ని, ప్రారంభించింది. ముంబయి తర్వాత మన దేశంలో వాళ్లకిది రెండోది. ఇందుకోసం ఎంచుకున్న చోట్లు షాబాద్ మండలం చందనవెల్లి, కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేట, మహేశ్వరం మండలం రావిర్యాల దగ్గరి ఫ్యాబ్ సిటీ. మైక్రోసాఫ్ట్ కూడా 2022 మార్చిలో రూ. 15,000 కోట్ల ప్రాజెక్టు ప్రకటించింది. వాళ్ల స్థలాలు బెంగళూరు రోడ్డు వైపు షాద్‌నగర్ దగ్గర మేకగూడ, ఎల్లికట్ట, ఇటు మళ్లీ చందనవెల్లి. షాద్‌నగర్‌కు డేటా పని కొత్తేమీ కాదు. ఇస్రోకు చెందిన నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉపగ్రహాల డేటాను దింపుకునే కేంద్రం అక్కడే ఉంది.

అమెజాన్ మూడు చోట్లను ఎంచుకోవడం వెనక ఒక లెక్క ఉంది. ఒక చోట అగ్నిప్రమాదమో వరదో వస్తే రెండో చోటికి తగలకూడదు. అలాగని మరీ దూరమైతే డేటా ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరడంలో ఆలస్యం. అందుకే ఒక రీజియన్‌లోని కేంద్రాలన్నీ 100 కిలోమీటర్ల లోపలే ఉండాలని వాళ్ల నియమం. సముద్రానికి దూరంగా, తుపాను గాలి నేరుగా తాకని దక్కన్ పీఠభూమి ఈ పనికి అనువైనది.

హైదరాబాద్‌కు ఈ విద్యలో చరిత్ర కూడా ఉంది. 1967లో ఇక్కడ పుట్టిన ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్, ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రం రూపొందించిన టీడీసీ-12 కంప్యూటర్‌ను తయారుచేసి బయటికి పంపింది. 2007లో పిన్నపురెడ్డి శ్రీధర్ ఇదే నగరంలో కంట్రోల్‌ఎస్ డేటా సెంటర్ల సంస్థను ప్రారంభించారు. 2016లో తెలంగాణ ప్రభుత్వం డేటా సెంటర్లకని ప్రత్యేకంగా ఒక విధానం తెచ్చింది.

ఇంతకీ ర్యాక్ అంటే నాలుగు నిలువు కమ్మీలున్న ఇనుప బీరువా. అరలు మాత్రం ఉండవు, పరికరాలే అరలవుతాయి. వాటి ముఖం వెడల్పు దాదాపు ప్రపంచమంతటా ఒకటే, 19 అంగుళాలు. 1920లలో అమెరికాలో ఏటీ అండ్ టీ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో స్థిరపడిన ఈ కొలత నూరేళ్లుగా మారలేదు. ఎత్తును ‘యూ’లలో కొలుస్తారు. ఒక యూ అంటే ఒకటి ముప్పావు అంగుళం, అంటే 44.45 మిల్లీమీటర్లు. మామూలు ర్యాక్ 42 యూల ఎత్తు. లోపలి జాగా సుమారు 187 సెంటీమీటర్లు, బయటి చట్రంతో కలిపి రెండు మీటర్ల దాకా వస్తుంది. తైవాన్‌లో చేసిన స్విచ్, అమెరికా కంపెనీ సర్వర్, బెంగళూరు నుంచి వచ్చిన యూపీఎస్ ఒకే కమ్మీలకు ఇమిడిపోవడం ఈ కొలత పుణ్యమే.

కొత్తవాళ్లు ముందుగా తప్పేది రంధ్రాల దగ్గర. యూకి మూడు రంధ్రాలుంటాయి, కానీ వాటి మధ్య ఎడం సమానం కాదు. రెండు ఎడాలు దాదాపు 16 మిల్లీమీటర్లు, మూడోది 12.7. ఆ తక్కువ ఎడం మధ్యలోనే ఒక యూ ముగిసి మరొకటి మొదలవుతుంది. అది చూసుకోకుండా ఒక్క రంధ్రం పైకి బిగిస్తే సర్వర్ కూర్చుంటుంది, స్క్రూ కూడా పడుతుంది. దాని పైన రావాల్సిన సర్వర్ మాత్రం పట్టదు. అప్పుడు కింద నుంచి అన్నీ విప్పుకోవాలి. చదరపు రంధ్రాల్లో ఇరికించే కేజ్ నట్లు స్ప్రింగు ఉక్కుతో చేసినవి. వాటిని చేత్తో నొక్కబోయి వేళ్లు కోసుకోని టెక్నీషియన్ అరుదు. దానికో చిన్న కొక్కెం లాంటి పనిముట్టు ఉంది, అది జేబులో ఉండాలి.

బరువైనవి కిందే ఉండాలి. యూపీఎస్, బ్యాటరీలు, డిస్కులు నిండిన స్టోరేజీ పెట్టెలు అడుగున, తేలికపాటి స్విచ్‌లు పైన. డిస్కులు నిండా ఉన్న రెండు యూల సర్వర్ పాతిక ముప్పై కిలోలు తూగుతుంది. దాన్ని ఇద్దరు ఎత్తాలి. భుజం ఎత్తు దాటితే లిఫ్టు బండి కావాలి. సర్వర్లు సొరుగుల్లా రైల్స్ మీద ముందుకు వస్తాయి కాబట్టి, ఒకేసారి రెండింటిని బయటికి లాగితే ర్యాక్ మొత్తం ముందుకు ఒరిగే ప్రమాదం ఉంది. రెండు మీటర్ల ఇనుము మనిషి మీద పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఈ ఒక్క నియమంలో ఎవరికీ మినహాయింపు ఇవ్వకూడదు.

ఇక కరెంటు. అసలు మోసం ఇక్కడే దాక్కుంటుంది. మంచి సర్వర్‌కు రెండు పవర్ సప్లైలుంటాయి. ఒకటి పోతే రెండోది మోస్తుందని వాటి ఉద్దేశం. రెండు ప్లగ్గులనూ ఒకే బోర్డుకు పెట్టేస్తే లైట్లు రెండూ పచ్చగానే వెలుగుతాయి, చూసినవాళ్లు బాగుందనే అంటారు. ఆ బోర్డు పోయిన రోజు రెండూ పోతాయి. అందుకే ‘ఏ’ లైను ఒక యూపీఎస్ నుంచి, ‘బి’ లైను ఇంకో యూపీఎస్ నుంచి రావాలి. రెండు లైన్ల తీగలూ వేర్వేరు రంగుల్లో ఉంటే ఇంకా మేలు. అక్కడితో అయిపోలేదు. ఏ లైను మీద 70 శాతం, బి లైను మీద 70 శాతం లోడు ఉందనుకోండి. ఏ పోగానే బి మీద 140 శాతం పడుతుంది, బ్రేకర్ ట్రిప్పవుతుంది, గది మొత్తం చీకటి. రెండూ సగం లోపు నడవాలి. పని అప్పగించే ముందు ఏ లైనును కావాలనే ఆపి చూడాలి. ఆ పరీక్ష చేయని ర్యాక్‌ను పూర్తయిన పనిగా ఒప్పుకోకూడదు.

సర్వర్ తిన్న కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. ఒక టన్ను ఏసీ దాదాపు 3.5 కిలోవాట్ల వేడిని లాగుతుంది. అంటే 7 కిలోవాట్లు వాడే ఒక ర్యాక్‌కు రెండు టన్నుల ఏసీ రాత్రింబవళ్లు ఆగకుండా నడవాలి. శంషాబాద్ బయట మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటినా, సర్వర్ ముఖానికి తగిలే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. ర్యాకుల ముఖాలన్నీ ఒక సందులోకి, వీపులన్నీ మరో సందులోకి తిప్పితే చల్లగాలి, వేడిగాలి కలవవు. ఖాళీగా మిగిలిన యూలను ప్లాస్టిక్ పలకలతో మూయాలి. మూయకపోతే వెనక వేడి ఆ సందు గుండా ముందుకొచ్చి మళ్లీ సర్వర్ ముక్కులోకే పోతుంది. వందల రూపాయల పలక, లక్షల సర్వర్ ఆయుష్షు నిలబెడుతుంది.

కేబుళ్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ సర్వీసింగ్ సుఖమంతా దాని మీదే. ప్రతి తీగకూ రెండు కొసల్లో లేబుల్ ఉండాలి. ప్లాస్టిక్ టై బిగించి కడితే కేబుల్ లోపలి తీగల జంటలు నలుగుతాయి. కత్తిరించేటప్పుడు పక్క తీగ తెగే ప్రమాదం కూడా ఉంది. వెల్‌క్రో పట్టీ మేలు. సర్వర్‌ను రైల్స్ మీద ముందుకు లాగినా ఊడనంత పొడవు వదలాలి, వెనక గాలికి అడ్డుపడేంత కుప్ప వదలకూడదు.

ఇక సర్వీసింగ్. డిస్కు పోతే దాని దగ్గర నారింజ రంగు లైటు వెలుగుతుంది. సర్వర్ నడుస్తుండగానే పాతది లాగి కొత్తది పెట్టొచ్చు. రెయిడ్ పద్ధతిలో మిగిలిన డిస్కుల నుంచి సమాచారం కొత్తదాంట్లోకి తిరిగి చేరుతుంది. పెద్ద డిస్కులైతే గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజు దాటుతుంది. ఆ సమయమే అన్నిటికంటే గండం. కంగారులో పక్కనున్న మంచి డిస్కు లాగితే, ఒక్క డిస్కు నష్టాన్ని మాత్రమే తట్టుకునే అమరికలో డేటా మొత్తం చేజారుతుంది. ఒకేలా కనిపించే సర్వర్ల వెనకవైపు ఏది ఏదో పోల్చుకోవడానికి ఒక నీలం లైటు బటన్ ఉంది. ముందు నొక్కితే వెనక కూడా వెలుగుతుంది. దాన్ని నొక్కకుండా వెనక్కి వెళ్లి ప్లగ్గు పీకడం అనుభవజ్ఞులు చేయరు.

తొందర ఎంత ఖరీదైనదో విమానాల లోకానికి బాగా తెలుసు. 2017 మే 27న బ్రిటిష్ ఎయిర్‌వేస్ డేటా సెంటర్‌లో కరెంటు సరఫరా తెగింది. తిరిగి కలిపిన తీరు అదుపు తప్పడంతో పరికరాలు దెబ్బతిన్నాయి. దాదాపు 75,000 మంది ప్రయాణికులు చిక్కుకుపోయారు. ఇది విమానాలకే పరిమితం కాదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజియాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో పదేళ్లు దాటిన లిథియం బ్యాటరీలను తరలించే పని జరుగుతుండగా మంటలు లేచాయి. 600కు పైగా ప్రభుత్వ సేవలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే ఒక వ్యవస్థలో 858 టెరాబైట్లు కాలిపోయాయి, వాటికి బయట ఇంకో ప్రతి లేదు. రెండు చోట్లా ప్రమాదం పుట్టింది యంత్రం మామూలుగా నడుస్తున్నప్పుడు కాదు, మనిషి చెయ్యి పడినప్పుడు. అందుకే పెద్ద కేంద్రాల్లో ఏ పనికైనా ముందు కాగితం మీద వరస రాసుకుంటారు. ఏది ముందు ఆపాలి, ఎవరికి చెప్పాలి, మధ్యలో తేడా వస్తే వెనక్కి ఎలా రావాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. ఆ కాగితం ప్రకారం ఒకరు పని చేస్తుంటే ఇంకొకరు చదువుతారు.

చందనవెల్లిలోని పెద్ద షెడ్లకే కాదు, శంషాబాద్ బస్టాండు పక్కనుండే నర్సింగ్ హోమ్‌కీ ఈ నియమాలే వర్తిస్తాయి. అక్కడ గోడకు బిగించిన తొమ్మిది యూల చిన్న ర్యాక్ ఉంటుంది. తరచూ దాని నెత్తి మీదే స్ప్లిట్ ఏసీ పెడతారు. డ్రెయిన్ పైపు మూసుకుపోయిన రోజు ఆ నీళ్లు నేరుగా స్విచ్‌లోకి దిగుతాయి. ఏసీని పక్క గోడకు మార్చాలి. చుట్టుపక్కల కట్టడాల దుమ్ము పడుతుంది కాబట్టి ఫిల్టర్లు నెలనెలా దులపాలి. తీగలు వచ్చే కన్నాన్ని ఎలుక దూరకుండా మూయాలి. ఎర్తింగ్‌ను వానాకాలం ముందు కొలిపించాలి. యూపీఎస్‌లోని లెడ్ యాసిడ్ బ్యాటరీలు మూడు నుంచి ఐదేళ్లకు అలసిపోతాయి కాబట్టి, వేసిన తేదీని బయటికి కనిపించేలా రాసి అంటించాలి.

మరోవైపు పెద్ద కేంద్రాల్లో పని స్వభావమే మారుతోంది. కృత్రిమ మేధ కోసం ఎన్విడియా చేసిన జీబీ200 ఎన్‌వీఎల్72 అనే ఒక్క ర్యాక్ సుమారు 120 కిలోవాట్లు వాడుతుంది, 1.36 టన్నులు తూగుతుంది. పైన చెప్పిన లెక్కన దానికి 34 టన్నుల ఏసీ కావాలి. అంత వేడిని గాలితో లాగలేక చిప్‌ల మీదికే గొట్టాల్లో ద్రవం పంపుతున్నారు. ఇలాంటివి బిగించేవాళ్లు ముందుగా నేల ఎంత బరువు మోస్తుందో చూడాలి, లారీ దిగిన చోటి నుంచి గది దాకా దారి కొలవాలి. కనెక్టర్ విప్పితే చుక్క కారకుండా మూసుకునే కప్లింగులను, ద్రవం పీడనాన్ని, లీకు సెన్సర్లను చూసుకోవడం రావాలి. ఎలక్ట్రీషియన్, పైపుల పనివాడు, నెట్‌వర్క్ ఇంజినీరు ముగ్గురూ ఒకే ర్యాక్ తలుపు తెరిచి కలిసి పనిచేయాల్సిన రోజులివి.