పన్ను: ఋణమా? దానమా?

రాజు ప్రజలనుండి పన్ను గైకొనవలసిన విధమును శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు బోధించెను. పూవునకు నొప్పి కలుగక తుమ్మెద తేనె గ్రహించునట్లు గ్రహింపవలెనట. ఇది గైకొనువాని నీతి. ఇచ్చువాని నీతి యెట్టిదను ప్రశ్నను మన కాలమున బహుళజాతి సంస్థలు లేవనెత్తినవి.

స్టార్‌బక్స్ అను అమెరికా కాఫీ సంస్థ 1998లో బ్రిటన్ ప్రవేశించినది. 2012 నాటికి అచట దాని అమ్మకములు 300 కోట్ల పౌండ్లు మించినవి. లాభములపై చెల్లించిన పన్ను మాత్రము 86 లక్షల పౌండ్లు. ఇది యెట్లు పొసగినది? సంస్థ పేరును వాడుకొన్నందులకు బ్రిటిషు శాఖ ఆమ్‌స్టర్‌డాము శాఖకు రాయల్టీ చెల్లించెడిది. కాఫీ గింజలు స్విట్జర్లాండు శాఖ ద్వారా వచ్చెడివి. ఆ శాఖ వానిపై నూటికి 20 వంతులు అదనముగ వేసికొనెడిది. సొంత సంస్థ యప్పులకే వడ్డీ కట్టెడిది. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఒకడే! 15 ఏండ్లలో 14 ఏండ్లు నష్టమే వచ్చినదని సంస్థ పార్లమెంటు సంఘమునకు విన్నవించినది.

ఇందు చట్టవిరుద్ధమని యెవరును నిరూపింపలేదు. 2012 నవంబరున స్టార్‌బక్స్, అమెజాన్, గూగుల్ ప్రతినిధులను విచారించిన ఆ సంఘపు అధ్యక్షురాలు మార్గరెట్ హాడ్జ్, తమ యారోపణ చట్టమును మీరుట కాదు, నీతిని మీరుటయే యని స్పష్టపరచిరి.

ప్రజాగ్రహము పెల్లుబుకగా, రెండేండ్లలో సుమారు 2 కోట్ల పౌండ్లు చెల్లింతుమని ఆ డిసెంబరున స్టార్‌బక్స్ ప్రకటించినది. కొందరికిది విజయముగ తోచవచ్చును. నాకు మాత్రము అసలు దోషము ఇందే కన్పట్టుచున్నది. ఎంత యీయవలెనో ఇచ్చువాడే నిర్ణయించినచో అది పన్ను కాదు, దానము. దానమునకు కృతజ్ఞత చూపవలెను. ఋణమునకు రసీదు చాలును. అదే వీధిలో చిన్న కాఫీ దుకాణము నడుపువానికి ఆమ్‌స్టర్‌డాములో శాఖ లేదు. అతడు లెక్క ప్రకారము కట్టి తీరవలసినదే.

"వాటాదారుల మేలు చూచుట మా విధి, సందులు విడిచినవారు శాసనకర్తలు" అని సంస్థలు వాదింపవచ్చును. ఆ మాటలో నిజము లేకపోలేదు. అయినను వర్తకము సాగు బాటలు, పనివారికి చదువు చెప్పిన బడులు, ఒడంబడికలను కాపాడు న్యాయస్థానములు పన్నుల వలననే నిలిచియున్నవి. ఒకడు ఎగవేసిన భారము మరియొకని భుజముపై పడక మానదు.

సందులు మూయుట ప్రభుత్వముల పని. బ్రిటన్ 2015లో మళ్లించిన లాభములపై ప్రత్యేకపు పన్ను విధించినది. 2021లో 130కి పైగా దేశములు పెద్ద సంస్థలకు 15 శాతము కనీసపు పన్ను ఉండవలెనని సమ్మతించినవి. ఆచరణము మాత్రము సంపూర్ణము కాలేదు.

తరగతిలో పౌరధర్మములు బోధించునపుడు పన్నును శిక్షగా గాక, సంఘమునకు తీర్పవలసిన ఋణముగ బోధింతము. ఆ ఋణమెంతయో ఋణగ్రస్తుడు నిర్ణయింపరాదు.