మనోడని కాదు, ఆటను చూసి వాదిద్దాం

టెస్ట్ జట్టును ప్రకటించిన రోజు వాదన తప్పదు. బస్సులో, టీ కొట్టు దగ్గర, మన క్లాసులో కూడా జరుగుతుంది. మన ఒట్టన్‌చత్రం లాంటి చోట దానికి రెండు పక్షాలు. తెలుగు ఇళ్ళల్లో "హనుమ విహారికి అన్యాయం చేశారు" అంటారు. తమిళ ఇళ్ళల్లో "అశ్విన్‌ని ఊరికే కూర్చోబెట్టారు" అంటారు. మా ఇంట్లో రెండు భాషలూ నడుస్తాయి కాబట్టి రెండు ఫిర్యాదులూ ఒకే టీవీ ముందు వినిపిస్తాయి.

ఇద్దరి పేర్లూ తీసుకుని ఒక్క విషయం చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. ఆటగాడు బాగా ఆడాడా అన్నది ఒక ప్రశ్న. ఈ మ్యాచ్‌కి అతన్ని పదకొండు మందిలోకి తీసుకోవాలా అన్నది వేరే ప్రశ్న. మనం రెండింటినీ కలిపేసి, పైన "మనోడు" అన్న మాట చేరుస్తాం. అందుకే మన వాదన ఎప్పుడూ తెగదు.

సగటు ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

ముందుగా అందరూ చూపించేది బ్యాటింగ్ సగటు. దీని లెక్క సులువే. మొత్తం పరుగుల్ని, ఎన్నిసార్లు అవుటయ్యాడో ఆ సంఖ్యతో భాగించాలి. నాటౌట్‌గా మిగిలిన ఇన్నింగ్స్‌లో పరుగులు లెక్కలోకి వస్తాయి కానీ అవుట్ రాదు. కాకినాడలో పుట్టిన విహారి 16 టెస్టుల్లో 28 ఇన్నింగ్స్ ఆడి 839 పరుగులు చేశాడు. 25 సార్లు అవుటయ్యాడు. సగటు 33.56. మంచి టెస్ట్ బ్యాట్స్‌మన్ అంటే 40 పైన ఉండాలనే మామూలు కొలతతో చూస్తే ఇది తక్కువే.

ఇప్పుడు ఆ అంకె లోపలికి తొంగి చూద్దాం. 16 టెస్టుల్లో 13 విదేశాల్లోనే. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, వెస్టిండీస్, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. మన దేశంలో ఆడినవి విశాఖపట్నం, మొహాలీ, బెంగళూరుల్లో మూడే మూడు. సొంతగడ్డ మీద స్పిన్ పిచ్‌ల మీద పరుగులు పోగేసుకునే వీలు అతనికి పెద్దగా దొరకలేదు.

2018 చివర్లో మెల్‌బోర్న్ టెస్ట్ చూడండి. ఓపెనర్లు విఫలమవుతున్నారని, మధ్యలో ఆడే విహారిని ముందుకు పంపారు. 66 బంతులాడి 8 పరుగులే చేశాడు. స్కోరు కార్డులో అది 8 మాత్రమే. కానీ కొత్త బంతి పదును తగ్గేదాకా నిలబడ్డాడు. తర్వాత వచ్చిన పుజారా సెంచరీ కొట్టాడు, అవతలి వైపు తొలి టెస్ట్ ఆడుతున్న మయాంక్ అగర్వాల్ 76 చేశాడు. మ్యాచ్ మనం గెలిచాం. ఈ 66 బంతుల విలువ సగటులో ఎక్కడా కనిపించదు.

సిడ్నీలో ఆ సాయంత్రం

ఇంతకన్నా పెద్ద ఉదాహరణ 2021 జనవరి 11, సిడ్నీ. ఆ సిరీస్‌లో మొదటి టెస్టులో అడిలైడ్‌లో మనవాళ్ళు 36 పరుగులకే ఆలౌటయ్యారు. మెల్‌బోర్న్‌లో గెలిచి 1-1 చేశారు. సిడ్నీలో నాలుగో ఇన్నింగ్స్ లక్ష్యం 407. పంత్ 97, పుజారా 77 చేసి వెళ్ళిపోయారు. స్కోరు 272, ఐదు వికెట్లు పోయాయి. జడేజా బొటనవేలు విరిగి ఉంది. విహారికి పరుగు తీస్తూ తొడ వెనక కండరం పట్టేసింది. ఇక పరుగెత్తలేడు. అశ్విన్‌కి నడుం నొప్పి.

వాళ్ళిద్దరూ 40 ఓవర్లకు పైగా ఆడారు. విహారి 161 బంతుల్లో 23 నాటౌట్, అశ్విన్ 128 బంతుల్లో 39 నాటౌట్. 5 వికెట్లకు 334 దగ్గర ఆట డ్రా అయింది. మధ్యమధ్యలో ఇద్దరూ తమిళంలో మాట్లాడుకోవడం స్టంప్ మైకులో వినిపించింది. ఒక తెలుగువాడు, ఒక తమిళుడు, వాళ్ళ మధ్య తమిళం. మన ఊళ్ళో రోజూ జరిగేదే! తర్వాత బ్రిస్బేన్‌లో గెలిచి సిరీస్ 2-1తో మనదైంది. సిడ్నీ ఓడిపోయి ఉంటే బ్రిస్బేన్ గెలుపు సిరీస్‌ని సమం చేసేదే తప్ప గెలిపించేది కాదు.

విహారి సగటు లెక్కలో ఆ సాయంత్రం విలువ 23 పరుగులు. అంతే.

కాబట్టి మొదటి ప్రశ్న "ఎన్ని పరుగులు చేశాడు?" అని కాకూడదు. "జట్టుకి అప్పుడు ఏం కావాలి, అతను ఏం ఇచ్చాడు?" అని అడగాలి.

ఎవరి బదులు ఎవరు?

రెండో ప్రశ్న చోటు గురించి. మన మార్కెట్‌నే చూడండి. మునక్కాయ ఎంత బాగున్నా, ఆ రోజు కేరళకి వెళ్ళే లారీలో టమాటాకే చోటుంటే మునక్కాయ ఆగిపోతుంది. కాయ చెడ్డదని కాదు. లారీలో చోటు అంతే ఉంది. టెస్ట్ జట్టులో చోట్లు పదకొండే.

సిడ్నీని కాపాడిన ఆ ఇద్దరూ అదే ఏడాది ఇంగ్లండ్ వెళ్ళారు. ఆ వేసవిలో ఇంగ్లండ్ మీద జరిగిన నాలుగు టెస్టుల్లో ఒక్కదానిలో కూడా ఇద్దరినీ ఆడించలేదు. అప్పటికి అశ్విన్ టెస్ట్ బౌలర్ల ర్యాంకుల్లో రెండోవాడు. కారణం చోటు. నలుగురు పేసర్లు, ఒక్క స్పిన్నర్ అన్నది జట్టు ఆలోచన. ఆ ఒక్క చోటు ఎడమచేత్తో బ్యాటింగ్ కూడా చేసే జడేజాకి వెళ్ళింది. విహారికి స్వదేశంలో జరిగింది కూడా అలాంటిదే. 2019లో విశాఖ టెస్ట్ ఆడాక, తర్వాతి పుణె టెస్టులో అతని బదులు బౌలర్ ఉమేశ్ యాదవ్‌ని తీసుకున్నారు. ఒక బ్యాట్స్‌మన్ తగ్గినా ఒక బౌలర్ ఎక్కువ కావాలనుకున్నారు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఇంగ్లండ్‌లో అశ్విన్ లేకుండా లార్డ్స్‌లో, ఓవల్‌లో గెలిచాం. "చూశావా, తీసెయ్యడమే కరెక్ట్" అన్నారు. 2023 టెస్ట్ చాంపియన్‌షిప్ ఫైనల్‌కి అశ్విన్ ప్రపంచంలో నంబర్ వన్ బౌలర్. అప్పుడూ కూర్చోబెట్టారు. 209 పరుగులతో ఓడిపోయాం. "చూశావా, తీసెయ్యడం తప్పు" అన్నారు. ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని తూచితే ఒకే ఆలోచన ఒకసారి తెలివి, ఇంకోసారి తెలివితక్కువ అవుతుంది. తూచాల్సింది టాస్ వేసే ముందు తెలిసిన సంగతులతో. 2023లో మబ్బు పట్టిందని నలుగురు పేసర్లను తీసుకున్నారు. అది ఒక కారణం. ఆస్ట్రేలియా జట్టులో వార్నర్, ఖవాజా, హెడ్, క్యారీ అందరూ ఎడమచేతి వాటం. అలాంటివాళ్ళ మీద అశ్విన్‌ది గట్టి చెయ్యి. ఇది కూడా ఆ పొద్దునే తెలిసిన కారణం. ఈ రెండింటి మధ్య వాదిస్తే అది వాదన. ఓడిపోయాక మొదలెడితే ఏడుపు!

మనోడు కానివాడి సంగతి

మూడో ప్రశ్న అడగడం కష్టం. మనవాడికి దొరికిన చోటు ఎవరిది?

2016 డిసెంబరులో చెన్నై చేపాక్‌లో కరుణ్ నాయర్ ఇంగ్లండ్ మీద 303 నాటౌట్ కొట్టాడు. సెహ్వాగ్ తర్వాత భారత్ తరఫున ట్రిపుల్ సెంచరీ చేసినవాడు అతనే. తర్వాతి టెస్ట్ 2017 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో. ఆ జట్టులో అతను లేడు! గాయం తగ్గిన రహానే తన చోటుకి తిరిగొచ్చాడు. కొన్నేళ్ళుగా నిలకడగా ఆడినవాణ్ణి ఒక్క ఇన్నింగ్స్ చూసి పక్కన పెట్టలేం అన్నది కెప్టెన్ కోహ్లీ వాదన. అందులోనూ న్యాయం ఉంది.

2018లో ఇంగ్లండ్ వెళ్ళిన జట్టులో కరుణ్ మొదటినుంచీ ఉన్నాడు. చివరి రెండు టెస్టులకి విహారిని కొత్తగా పిలిచారు. ఓవల్‌లో చోటు ఖాళీ అయినప్పుడు వెనక వచ్చిన విహారి ఆడాడు, ముందునుంచీ ఉన్న కరుణ్ ఆడలేదు. విహారి తొలి టెస్టులోనే 56 కొట్టాడు, మూడు వికెట్లూ తీశాడు. తెలుగు ఇళ్ళల్లో సంబరం. కరుణ్ గురించి మాత్రం మన దగ్గర ఎవరూ పెద్దగా అడగలేదు. అతను మలయాళీ ఇంటివాడు, కర్ణాటకకి ఆడినవాడు. మనకి "మనోడు" కాదు. మళ్ళీ టెస్ట్ ఆడటానికి అతనికి 2025 దాకా పట్టింది. అదే ఓవల్‌లో 57 కొట్టాడు.

అలాగే విహారి చివరి టెస్ట్ గురించి కూడా దాచకుండా మాట్లాడాలి. 2022 జూలై, ఎడ్జ్‌బాస్టన్. 20, 11 చేశాడు. బెయిర్‌స్టో 14 మీద ఉన్నప్పుడు క్యాచ్ వదిలేశాడు. బెయిర్‌స్టో 114 నాటౌట్. ఇంగ్లండ్ 378 లక్ష్యాన్ని కొట్టేసింది. ఈలోపు శ్రేయస్ అయ్యర్ తొలి టెస్టులోనే సెంచరీ చేసి పోటీలో ఉన్నాడు. సిడ్నీని చెప్పి ఎడ్జ్‌బాస్టన్‌ని వదిలేస్తే మనం సగమే చెప్పినట్టు. రెండూ చెప్పాక కూడా నా మటుకు నాకు, విహారికి స్వదేశంలో ఇంకొన్ని టెస్టులు ఇచ్చి చూడాల్సింది అనే అనిపిస్తుంది. కాదనేవాళ్ళు కారణం చెబితే వింటాను.

వాదించడానికి ఆటే లేకపోతే?

ఇది ఆడపిల్లల కాలేజీ గోడపత్రిక. ఇంకొక్క పేరు చెప్పకుండా ముగించలేను. మిథాలీ రాజ్‌ది తమిళ కుటుంబం, స్థిరపడింది హైదరాబాద్‌లో. మన ఇళ్ళకి సరిగ్గా తిరగేసిన కథ. 2002 జనవరిలో లక్నోలో తొలి టెస్ట్ ఆడితే వచ్చింది సున్నా. ఆ ఆగస్టులో ఇంగ్లండ్‌లోని టాంటన్‌లో, తన మూడో టెస్టులో, 214 కొట్టింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. అప్పుడామెకి పందొమ్మిదేళ్ళు. మన వయసే!

సున్నా చూసి తీసేయకుండా ఇంకో అవకాశం ఇచ్చారు కాబట్టి ఆ 214 వచ్చింది. కానీ తర్వాత? 2006 నుంచి 2014 దాకా భారత మహిళలకి ఒక్క టెస్ట్ కూడా లేదు. 2014లో రెండు ఆడారు. మళ్ళీ 2021 దాకా లేదు. రెండు దశాబ్దాల కెరీర్‌లో మిథాలీ ఆడినవి 12 టెస్టులు, 699 పరుగులు, సగటు 43.68. సచిన్ ఆడినవి 200.

విహారికి 16 టెస్టులే ఇచ్చారని మనం బాధపడుతున్నాం. భారత మహిళల క్రికెట్లో అందరికన్నా పేరున్న బ్యాటర్‌కి జీవితం మొత్తంలో దొరికింది అంతకన్నా తక్కువ. ఆమె కాలంలో మన అమ్మాయిల్లో ఎవరు మంచి టెస్ట్ బౌలరో, ఎవరు ఐదో రోజు నిలబడగలరో తెలిసేది ఎలా? తీసేశారని వాదించుకోవాలంటే ముందు ఆట ఉండాలి.

ఇప్పుడు కొంచెం మారుతోంది. 2024లో అదే చేపాక్‌లో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికా మీద 6 వికెట్లకు 603 కొట్టి డిక్లేర్ చేశారు. షెఫాలీ వర్మ 205. పది వికెట్లతో గెలిచారు. మన ఊరినుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చెన్నై. ఈసారి అక్కడ మహిళల టెస్ట్ పడితే మనలో నలుగురం వెళ్ళి చూద్దాం. వచ్చాక ఎవర్ని ఉంచాలో, ఎవర్ని తీసెయ్యాలో ఈ గోడ ముందే నిలబడి వాదించుకుందాం.