ఫ్రిజ్జు కారితే ముందు రంధ్రం చూడండి

కూరగాయల ట్రే బయటికి లాగితే అడుగున గ్లాసెడు నీళ్లు. వంకాయలు నాని మెత్తబడ్డాయి, కొత్తిమీర కట్ట కుళ్లిపోయింది. తుడిచి ఆరబెట్టిన మూడో రోజుకు మళ్లీ అదే మడుగు. మార్కాపురం, కంభం, గిద్దలూరు ఇళ్లలో తరచూ వినపడే గోడు ఇది. జబ్బు చాలాసార్లు చిన్నదే. దాని గురించి మనం నమ్మేవే మన చేత అనవసరంగా డబ్బు ఖర్చు పెట్టిస్తాయి.

అపోహ: “గ్యాస్ లీకై నీళ్లు కారుతున్నాయి, గ్యాస్ ఎక్కించాలి.”

వాస్తవం: ఫ్రిజ్జు గ్యాస్ నీరుగా మారదు. వంటగ్యాస్ లాగా వాడేకొద్దీ అయిపోయేదీ కాదు. ఫ్రిజ్జు కొన్ననాడు ఉన్న గ్యాసే మూసిన గొట్టాల్లో ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. గొట్టానికి చిల్లు పడితేనో, అతుకు వదిలితేనో తప్ప తగ్గదు. తగ్గితే ముందుగా పోయేది చల్లదనం. ఐసు గడ్డ కట్టదు, పాలు విరుగుతాయి, కంప్రెసర్ ఆగకుండా మోగుతూనే ఉంటుంది. రాత్రి ఫ్రీజర్‌లో చిన్న గిన్నెతో నీళ్లు పెట్టండి. తెల్లారేసరికి గట్టిగా గడ్డ కడితే మీ గ్యాస్ ఉన్నట్టే. ఈ పరీక్ష చెయ్యకుండా గ్యాస్‌కు డబ్బు కట్టకండి.

మరి ఆ నీళ్లు ఎక్కడివి? తలుపు తీసినప్పుడల్లా లోపలికి దూరే గాలిలోవి, కూరగాయలు వదిలే తేమ, మూత పెట్టని సాంబారు గిన్నెలోంచి లేచిన ఆవిరి. ఇదంతా ఫ్రీజర్ గొట్టాల మీద మంచుగా పేరుకుంటుంది. డబుల్ డోర్ ఫ్రిజ్జులో కొన్ని గంటలకొకసారి ఓ చిన్న హీటరు దానంతట అదే వేడెక్కి ఆ మంచును కరిగిస్తుంది. కరిగిన నీరు వేలెడంత కూడా లేని రంధ్రంలోకి జారి, సన్నటి పైపు గుండా ఫ్రిజ్జు వెనక కంప్రెసర్ మీదున్న తొట్టిలో పడుతుంది. అక్కడి వేడికి ఆవిరైపోతుంది. రోజూ జరిగే పనే అయినా మన కంటపడదు. ఆ రంధ్రం మూసుకుపోయిన రోజున నీటికి దారి లేక లోపలికే కారి, కూరగాయల ట్రే కింద చేరుతుంది. సింగిల్ డోర్‌లో బటన్ నొక్కితే కరిగిన నీరు ఫ్రీజర్ కింది ట్రేలో పడుతుంది. చాలా మోడళ్లలో అక్కడినుంచి వెనక్కి పోతుంది, కొన్నిటిలో మనమే తీసి పారబోయాలి. ఆ ట్రే ఒక పక్కకు ఒరిగి ఉన్నా నీళ్లు కిందికే వస్తాయి.

అపోహ: “మన బోరు నీళ్లలో సున్నం, ఫ్లోరైడ్ ఎక్కువ. పైపులో పొర కట్టి మూసుకుపోతుంది.”

వాస్తవం: ఈ నమ్మకం మన నేల మీదే పుట్టింది, పుట్టడానికి కారణమూ ఉంది. నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పొర, గీజర్ కాయిల్‌కు పొలుసు, కుళాయి మూతికి సున్నం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గారపట్టిన, కీళ్లు బిగుసుకుపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగిన పశ్చిమ ప్రకాశంలో, ఏ వస్తువు చెడినా అనుమానం నీళ్ల మీదికే పోతుంది. కానీ ఫ్రిజ్జు పైపులో పారేది బోరు నీరు కానే కాదు, ఆవిరి చల్లబడి అయిన నీరు. ఉప్పునీళ్లు మరిగిస్తే ఆవిరి పైకి పోయి ఉప్పు గిన్నెలోనే మిగులుతుంది కదా, అలాగే సున్నం గానీ ఫ్లోరైడ్ గానీ ఆవిరితో పాటు రావు. రంధ్రం లోపలే కనపడే ఫ్రిజ్జుల్లో దాన్ని మూసేవి కరివేపాకు, కొత్తిమీర కాడలు, ఉల్లిపొట్టు, పాలప్యాకెట్ నుంచి కత్తిరించిన మూల ముక్క. డబుల్ డోర్‌లో రంధ్రం ఫ్రీజర్ వెనక పలక చాటున ఉంటుంది. అక్కడ ఎక్కువగా అడ్డుపడేది ఐసే.

“మాది ఎండ దేశం, పొడిగాలి, ఇంత తేమ ఎక్కడిది?” అనీ అడుగుతారు. మే నెలలో 42 డిగ్రీల ఎండలో, గాలిలో తేమ 20 శాతమే ఉందనుకుందాం. అయినా ఘనపు మీటరు గాలిలో 11 గ్రాముల పైగా నీటి ఆవిరి ఉంటుంది. 4 డిగ్రీల దగ్గర అదే గాలి మోయగలిగేది 6 గ్రాముల చిల్లర. మిగిలింది నీరు కావలసిందే. ఇక అక్టోబరు ముసురు రోజుల సంగతి చెప్పక్కర్లేదు.

ఆ రంధ్రం శుభ్రం చెయ్యడం ఇంట్లో చేసుకోదగ్గ పనే. ప్లగ్గు తీసి, తలుపులు తెరిచి, ఐసంతా దానంతటదే కరగనివ్వండి. కనపడే రంధ్రంలోకి సూది లేని పెద్ద సిరంజితో గోరువెచ్చటి నీళ్లు మెల్లగా పంపండి. వెనక తొట్టిలోకి నీళ్లు దిగితే దారి తెరుచుకున్నట్టే. ఇనుప చువ్వ పెట్టి పొడవకండి, మరిగే నీళ్లు పోయకండి. రంధ్రం పలక చాటున ఉంటే ఆ పలక విప్పే పని మెకానిక్‌కే వదలండి.

అపోహ: “ఐసు చాకుతో గీకేస్తే పని త్వరగా అవుతుంది.”

వాస్తవం: దీని గురించి బతిమాలి చెప్తున్నాను, వద్దు. సింగిల్ డోర్ ఫ్రీజర్ గోడల్లోనే గ్యాస్ దారులుంటాయి. చాకు మొన తగిలితే చిల్లు పడుతుంది. అంతదాకా రంధ్రం తెరిస్తే పోయే జబ్బు, అప్పుడు నిజంగానే గ్యాస్ ఖర్చుకు వస్తుంది. పైగా ఇప్పటి ఫ్రిజ్జుల్లో చాలావాటిలో ఉండేది ఆర్-600ఎ. అంటే ఐసోబ్యూటేన్, మండే వాయువు.

గిన్నెలో ఉప్పు పెడితే నీళ్లన్నీ పీల్చుకుంటుందన్న చిట్కా ఒకటి తిరుగుతోంది. ఉప్పు కాస్త చెమ్మ లాగుతుందేమో గానీ, మూసుకున్న రంధ్రాన్ని తెరవలేదు. తలుపు రబ్బరు వదులైతే మాత్రం తేమ ఆగకుండా వస్తుంది. కాగితం ముక్క పెట్టి తలుపు వేసి లాగండి. సులువుగా ఊడి వస్తే రబ్బరు తుడవాలి, లేదా మార్చాలి. ఫ్రిజ్జు ముందుభాగం రవ్వంత ఎత్తులో ఉండాలి. అప్పుడు తలుపు తనంతట తానే పడుతుంది. గంటల కొద్దీ కరెంటు పోయి వచ్చిన రోజున కాసిని నీళ్లు కనపడితే కంగారొద్దు, అది ఒక్కసారిగా కరిగిన మంచే.

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల దగ్గరి ఇళ్లకు ఒక మాట. సన్నటి రాతిపొడి పైపును మూయదు గానీ, పాత ఫ్రిజ్జుల వెనకుండే నల్లటి జాలీ మీద పేరుకుంటే చల్లదనం తగ్గుతుంది. ప్లగ్గు తీసి, పొడి బ్రష్షుతో దులపండి.

అపోహ: “ఫ్రిజ్జులో కారేది డిస్టిల్డ్ వాటరే, ఇన్వర్టర్ బ్యాటరీలో పోసుకోవచ్చు.”

వాస్తవం: ఆవిరిగా ఉన్నప్పుడు శుద్ధమే. కారుతూ వచ్చేసరికి దుమ్ము, సూక్ష్మజీవులు, లోహపు జాడలు కలుస్తాయి. బ్యాటరీకి పనికిరాదు, తాగడానికి అసలే పనికిరాదు. తుడవడానికి, తులసి కుండీకి వాడుకోండి. నీళ్ల విలువ తెలిసిన ఊళ్లు మనవి.

ఇవన్నీ చేశాక కూడా వారంలో మళ్లీ నీళ్లు చేరితే, మంచు కరిగించే హీటరో దాని సెన్సరో పోయి ఉండొచ్చు. అప్పుడు మెకానిక్‌ను పిలవండి. అతను గ్యాస్ సిలిండర్ దించకముందే అడగండి: “ముందు నీళ్ల రంధ్రం చూడన్నా, గ్యాస్ సంగతి తర్వాత.”