క్లెయిమ్‌లు చేసిన కారుకు చవక బీమా: అపోహలు – వాస్తవాలు

ఒకటి రెండుసార్లు కారు గుద్దుకుని క్లెయిమ్ చేస్తే చాలు, ఇక బీమా మొత్తం మోయలేని భారమవుతుందన్నది గట్టిగా నాటుకున్న నమ్మకం. ప్రీమియం ఒకే ముద్ద అనుకోవడం వల్ల వచ్చిన అపోహ ఇది. అందులో ఎదుటివారికి కలిగే నష్టానికి చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ భాగం ధరను నిర్ణయించేది కంపెనీ కాదు, కేంద్ర ప్రభుత్వం. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం సొంత కారు ఇంజిను 1,000 సీసీ దాటకపోతే ఏడాదికి రూ.2,094, 1,500 సీసీ వరకు రూ.3,416, ఆపైన రూ.7,897. ఇరవై ఏళ్లుగా గీత పడకుండా నడిపినవారికీ, ఏటా ఎక్కడో ఒకచోట తగిలించేవారికీ ఒకటే ధర. ట్రాఫిక్ చలానాలను బట్టి ప్రీమియం మార్చాలని 2021లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ బృందం ఒకటి ప్రతిపాదించినా, దేశమంతటా అమలు కాలేదు. కనుక బేరానికి తావున్నది మన కారు నష్టానికి ఇచ్చే ఓన్ డ్యామేజ్ భాగంలోనే. 2007 నుంచి దాని ధర కంపెనీకో తీరుగా ఉంటోంది.

ఆ భాగాన్ని పెంచేదీ తగ్గించేదీ ముఖ్యంగా నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతం, ఆపైన వరుసగా 25, 35, 45, చివరికి 50 శాతం తగ్గింపు. ఒక్క క్లెయిమ్‌తో అదంతా సున్నా. బోనస్ లేకుండా ఓన్ డ్యామేజ్ ప్రీమియం రూ.10,000 అనుకుందాం. 50 శాతం బోనస్ ఉన్నాయన రూ.5,000 కడుతున్నాడు. బంపర్ సొట్టకు రూ.6,000 క్లెయిమ్ చేశాడు. వచ్చే ఏడాది రూ.10,000, ఆ తర్వాత వరుసగా 8,000, 7,500, 6,500, 5,500 కడితే గానీ మళ్లీ 5,000కు రాడు. అదనంగా పోయింది మొత్తం రూ.12,500! కారు పాతబడే కొద్దీ విలువ తగ్గి ఈ లెక్క కొంత దిగుతుంది, అయినా ఆరు వేల మరమ్మతుకు అది మంచి బేరం కాదు. పైగా ఆ ఆరు వేలూ పూర్తిగా చేతికి రావు: ప్లాస్టిక్ భాగాలకు సగం తరుగు కోస్తారు, తప్పనిసరిగా మనమే భరించాల్సిన మినహాయింపు వేరే. ‘డబ్బు కట్టేది క్లెయిమ్ చేసుకోవడానికే కదా’ అంటారు. నిజమే, కానీ మన చేతి నుంచి పెట్టుకోలేని నష్టానికి. కారు నుజ్జయినప్పుడో, దొంగల పాలైనప్పుడో బోనస్ గురించి వెనకాడటం తెలివితక్కువ.

మరి బోనస్ పోయాక కంపెనీ మారిస్తే? పాత చరిత్ర కొత్తవాళ్లకు తెలియదులే అన్న ధీమా కొందరు ఏజెంట్ల నోటా వినిపిస్తుంది. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి సరిచూసుకోగలదు. లేని బోనస్ ఉందని రాస్తే, కొన్ని వందలు మిగిలిన సంతోషం పెద్ద క్లెయిమ్ వచ్చిన రోజు పేచీగా మారుతుంది. నిజం చెప్పి నాలుగైదు కంపెనీల ధరలు పోల్చడంలో తప్పేమీ లేదు, తేడా గణనీయంగానే ఉండొచ్చు. ఇంకో సంగతి: బోనస్ కారుది కాదు, యజమానిది. కారు అమ్మినా కొత్త కారుకు తెచ్చుకోవచ్చు. పాలసీ గడువు దాటాక 90 రోజుల్లో పునరుద్ధరించకపోతే మాత్రం, క్లెయిమ్ ఒక్కటీ లేకున్నా అది పోతుంది. జ్ఞాపకం లేక బోనస్ పోగొట్టుకునేవారికి క్లెయిమ్‌ను నిందించే అవకాశం కూడా ఉండదు.

ప్రీమియం తగ్గించడానికి కారు విలువనే తక్కువ చూపించే దారి ఒకటుంది. ఆ విలువే కారు పోయినప్పుడు చేతికొచ్చే గరిష్ఠ మొత్తం కాబట్టి, ఇది పొదుపు కాదు, కవరేజీని కోసుకోవడం. దానికంటే చిన్న నష్టాలు తామే భరిస్తామని స్వచ్ఛంద మినహాయింపు ఎంచుకోవడం మేలు. చిన్న సొట్టలకు ఎలాగూ క్లెయిమ్ చేయకూడదనుకున్నవారికి అది అదనపు త్యాగమేమీ కాదు. తక్కువ తిరిగే కారైతే, 2022లో ఐఆర్‌డీఏఐ అనుమతించిన, వాడకాన్ని బట్టి ప్రీమియం లెక్కించే పద్ధతినీ అడిగి చూడొచ్చు. తాగి నడిపినవారికి మాత్రం ఏ పద్ధతీ అక్కరకు రాదు: సొంత కారు నష్టానికి కంపెనీ పైసా ఇవ్వదు. బాధితుడికి పరిహారం ముందు చెల్లించినా, దాన్ని యజమాని నుంచి వసూలు చేసుకునేందుకు కోర్టులు కంపెనీలకు అనుమతిచ్చిన సందర్భాలున్నాయి.