గంటల లెక్క ఒక్కటే చాలదు

2020 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక పరిశోధన ఇంటింటి మాటైంది. కరోనా వైరస్ ప్లాస్టిక్, స్టీలు మీద 72 గంటల దాకా బతికి ఉందనీ, అట్టపెట్టె మీద 24 గంటలకు, రాగి మీద 4 గంటలకు కనబడకుండా పోయిందనీ అందులో తేలింది. దాంతో పార్సిళ్లను రోజుల తరబడి గరాజ్‌లో ఉంచారు, పాలడబ్బాలను తుడిచారు. ఏమీ తెలియని ఆ రోజుల్లో అది సబబే. కానీ అదే పత్రంలో అంతకన్నా ముఖ్యమైన అంకె ఉంది: ప్లాస్టిక్ మీద వైరస్ సుమారు 7 గంటలకోసారి సగానికి పడిపోతుంది. 72 గంటలయ్యేసరికి మిగిలింది మొదట వేసినదాంట్లో వెయ్యో వంతు లోపే. కాబట్టి వైరస్ ఎంతసేపు ఉందని కాదు, ఎంత మిగిలింది, మన ముక్కుదాకా ఎలా చేరుతుంది అని అడగాలి. ఫ్లూ వైరస్ స్టీలు మీద 24 నుంచి 48 గంటలు నిలిచినా, చేతికి అంటాక 5 నిమిషాలకు మించి నిలవదని 1982లోనే చూపించారు.

ఆస్ట్రేలియాలో సీఎస్ఐఆర్ఓ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు గాజు, స్టీలు, కరెన్సీ నోట్ల మీద కరోనా వైరస్ 28 రోజులు బతికి ఉండటం చూశారు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. అయితే అది 20 డిగ్రీల దగ్గర, వెలుతురు తగలని చీకట్లో. 40 డిగ్రీల దగ్గర కొన్ని వస్తువుల మీద ఒక్క రోజు కూడా నిలవలేదు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో వేసిన అంచనా ప్రకారం, వైరస్ ఉన్న వస్తువును ఒకసారి తాకితే కోవిడ్ సోకే అవకాశం 10,000లో ఒకటి కన్నా తక్కువ.

అలాగని వస్తువులన్నీ నిరపాయమనుకోవడమూ తప్పే. పసిపిల్లల ఊపిరితిత్తులను పట్టే ఆర్‌ఎస్‌వీ తీరు వేరు. 1981లో కెరొలిన్ హాల్ బృందం, జబ్బుపడ్డ పిల్లల దగ్గరికి వలంటీర్లను మూడు రకాలుగా పంపింది. పిల్లల్ని ఎత్తుకున్న ఏడుగురిలో ఐదుగురికి, పిల్లలు లేనప్పుడు వాళ్ల మంచం, బొమ్మలు తాకి ముక్కు, కళ్లు ముట్టుకున్న పదిమందిలో నలుగురికి సోకింది. కాస్త దూరంగా కూర్చున్న 14 మందిలో ఒక్కరికీ సోకలేదు.

ఈ సాక్ష్యమంతా చెప్పేది ఒక్కటే: జాగ్రత్త జబ్బును బట్టి ఉండాలి. కోవిడ్, ఫ్లూల విషయంలోనైతే, తలుపులు బిగించుకునే చలికాలంలో, సంక్రాంతికి వందలమంది ఒకే హాల్లో చేరినప్పుడు, కుర్చీలు తుడవడం కన్నా గాలి ఆడేలా చూడటం ముఖ్యం. దగ్గు, జలుబు ఉన్నవాళ్లు ఆ పూటకు ఇంట్లో ఉండటం ఇంకా ముఖ్యం. పసిబిడ్డను చూడవచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు మాత్రం ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పార్సిళ్ల మీద పెట్టే శ్రద్ధను ఈ మూడింటి మీద పెడితే పిల్లలూ పెద్దలూ నిజంగా క్షేమంగా ఉంటారు.