సందేశం మధ్యలో ఆగితే తప్పెవరిది?

2024 సెప్టెంబరు 1న మన కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర వరదకు కొట్టుకుపోయింది. పట్టాలు గాలిలో వేలాడాయి. తెగింది ఆ కాస్త మేరే అయినా కాజీపేట – విజయవాడ మార్గంలో రైళ్లు ఆగిపోయాయి. కబురు నడిచే దారి కూడా అలాంటిదే. అలాంటి రోజున సెల్ టవరు కూడా పడిపోతే, “ఇంట్లోకి నీళ్లొచ్చాయి, రండి” అనే మాట బయటికి ఎలా వెళ్లాలి?

దీనికి నిపుణులు చూపిన ఒక దారి అడ్‌హాక్ నెట్‌వర్క్. ఇందులో టవరు ఉండదు. ఇందుకోసం సిద్ధం చేసిన వైర్‌లెస్ పరికరాలే ఒకరి సందేశాన్ని మరొకరు అందుకొని ముందుకు పంపుతాయి. ఒక్కో పరికరాన్ని నోడ్ అంటారు. రహీం నుంచి సలీంకు, సలీం నుంచి కరీంకు, అక్కడి నుంచి సహాయ కేంద్రానికి సందేశం వెళ్లాలనుకుందాం. సలీం నోడ్ తన బ్యాటరీ మిగుల్చుకోవాలని ఇతరుల సందేశాలను పారేస్తే? తన సందేశాలు మాత్రం అందరూ మోయాలి, తాను ఎవరివీ మోయదు. అమానత్ మధ్యలోనే పోయినట్టు.

అలాంటి నోడ్‌ను పట్టుకునే పద్ధతిని 2000లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. పేరు ‘వాచ్‌డాగ్’, అంటే కాపలా కుక్క. రేడియో తరంగాలు అన్ని వైపులకూ పోతాయి కాబట్టి, సలీం ముందుకు పంపితే అది రహీంకు కూడా వినపడుతుంది. రహీం తన దగ్గరున్న నకలుతో దాన్ని పోల్చి చూస్తాడు. నిర్ణీత సమయంలో వినపడకపోతే ఒక తప్పు లెక్కిస్తాడు. తప్పులు హద్దు దాటితే సందేశం పంపినవారికి తెలియజేస్తాడు. ‘పాత్‌రేటర్’ అనే మరో భాగం ఆ నోడ్‌ను తప్పించి వేరే దారి ఎంచుతుంది. కంప్యూటర్ నమూనాలో నూటికి 40 నోడ్లు సహకరించకపోయినా, నోడ్ల కదలిక ఓ మోస్తరుగా ఉన్నప్పుడు, ఈ రెండూ కలిసి చేరే సమాచారాన్ని 17 శాతం పెంచాయి.

అయితే ఇక్కడే జాగ్రత్త అవసరం. సలీం పంపిన క్షణంలోనే మరో సంకేతం అడ్డొస్తే రహీంకు ఏమీ వినపడదు. నిర్దోషి మీద నింద పడుతుంది. మరోవైపు, మోసగాడు రహీంకు వినపడేంత, కరీంకు అందనంత బలంతో పంపి తప్పించుకోవచ్చు. అందుకే 2007లో వెలువడిన ‘టూ యాక్’ పద్ధతిలో కరీం నుంచే రహీంకు రసీదు తిరిగి రావాలి. 2002 నాటి ‘కోర్’ పద్ధతి మరో జాగ్రత్త తీసుకుంది. ఇతర నోడ్లు చెప్పే మంచినే లెక్కలోకి తీసుకుంటుంది. చెడును మాత్రం ప్రతి నోడూ స్వయంగా గమనించి తేల్చుకోవాలి. చాడీలతో ఎవరినీ వెలివేయడానికి వీలుండదు.

నమ్మదగనివాడు వార్త తెస్తే, తెలియక ఎవరికైనా హాని చేయకముందే విచారించమని దివ్య ఖుర్ఆన్ అల్ హుజురాత్ సూరా (49:6) హెచ్చరిస్తుంది. ఇంజినీర్లు తమ దారిలో అదే అవసరాన్ని గుర్తించారు.

మీరిచ్చే జకాత్, సదఖా కూడా కొన్ని చేతులు మారే పేదవారి ఇంటికి చేరుతుంది. ఆ చేతుల్లో మాదీ ఒకటి. కాబట్టి మమ్మల్ని రసీదు అడగండి, చేరవలసినవారికి చేరిందా అని విచారించండి. అది అనుమానం కాదు, అమానత్‌కు కాపలా. ఎక్కడైనా ఆలస్యమైతే మాత్రం, నింద వేసే ముందు కారణం తెలుసుకోండి. ఆ చేయి మూసుకుందో, లేక దారే తెగిందో విచారిస్తేనే తెలుస్తుంది.